అసిస్టులు కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆటల పేజీలో, క్రికెట్ వార్తలు పోగా మిగిలిన జాగాలో, ఒక అమెరికా కుర్రాడి గురించి చిన్న వార్త వేశారు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఒక్క ఏడాది ఆడిన గార్డు (బంతి నడిపించి పాసులిచ్చే ఆటగాడు), అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టుకు పేరిచ్చాడట. వార్తలో ఉన్నది అంతే. శీర్షిక మాత్రం అతను ఎన్‌బీఏలో అడుగుపెట్టేసినట్టు పెట్టారు. ఆ శీర్షిక చూసి మా పెరంబూరు, అయనావరం వైపు తల్లిదండ్రులు కొందరు నాకు ఫోను చేశారు. మా వాడూ గార్డే కదా, వాడి పేరు ఎక్కడ ఇవ్వాలి అని అడిగారు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే మధ్యలో కత్తిరించుకోండి, చివర అసిస్టుల గురించి, అంటే తోటివాడు బుట్ట వేసేలా ఇచ్చే పాసుల గురించి, నేను అడిగినది మాత్రం ఉంచండి.

ముందు నేనెవరో చెప్పాలి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో చేరారు. నేను పుట్టింది, చదివింది, ఆడింది అంతా మద్రాసులోనే. కాలేజీ జట్టులో గార్డును. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, కాబట్టి ఇంకో స్థానంలో ఆడించే ఆలోచన ఏ కోచ్‌కీ రాలేదు. ఆట మానేశాక టేబుల్ అఫీషియల్ పరీక్ష పాసయ్యాను. కోర్టు పక్కన బల్ల వేసుకుని స్కోరు షీటు రాసేవాళ్ళు, గడియారం ఆపి నడిపేవాళ్ళు, షాటు వేయడానికి జట్టుకున్న 24 సెకన్ల లెక్క చూసేవాళ్ళు ఉంటారే, వాళ్ళలో ఒకదాన్ని. జిల్లా పోటీలు, కాలేజీ పోటీలు, బ్యాంకుల పోటీలు ఎక్కడ జరిగినా అక్కడ ఉంటాం. మేము తప్పు చేస్తే తప్ప మమ్మల్ని ఎవరూ చూడరు.

ఇక డ్రాఫ్టు సంగతి. అక్కడ పేరివ్వడం అంటే లీగుకు ఒక ఉత్తరం రాయడం. అమెరికా కుర్రాడైతే ఆ సంవత్సరంలో 19 ఏళ్ళు నిండాలి, తన హైస్కూలు బ్యాచ్ బయటికి వచ్చి కనీసం ఏడాది గడవాలి. డ్రాఫ్టుకు 60 రోజుల ముందుగా ఆ ఉత్తరం అందాలి. అలా రాసినవాళ్ళలో చాలామంది మే నెలాఖరుకల్లా పేరు వెనక్కి తీసుకుంటారు. కాలేజీలో మళ్ళీ ఆడే హక్కు పోకుండా ఉండాలంటే అప్పటికల్లా తీసుకోవాలి. ఇదేమీ పరువు తక్కువ పని కాదు. పేరిస్తే ఆటగాళ్ళను కొలిచి పరీక్షించేందుకు షికాగోలో జరిగే కంబైన్‌కు పిలుపు వచ్చే అవకాశం ఉంటుంది, జట్ల వాళ్ళు పిలిచి ఆడించి చూస్తారు, నీకు ఇంకా ఏమి రావాలో ముఖం మీదే చెబుతారు. అది విని ఇంటికి వెళ్ళి ఇంకో ఏడాది కాలేజీలో ఆడుకునేవాడు తెలివైనవాడే. పైగా 2021 నుంచి అమెరికా కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనలకు డబ్బు తీసుకోవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా ఇవ్వవచ్చు. ఒక్కో కాలేజీ అన్ని ఆటలూ కలిపి మొదటి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచవచ్చని ఒప్పందం. కాబట్టి పేరిచ్చి వెనక్కి తీసుకోవడానికి ఇప్పుడు కారణాలు ఇంకా పెరిగాయి.

అమెరికా బయట ఉన్నవాళ్ళకైతే 22 ఏళ్ళు నిండే సంవత్సరంలో ఆ ఉత్తరం కూడా అక్కర్లేదు, తమంతట తామే అర్హులైపోతారు. ఆ లెక్కన మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న అబ్బాయి కూడా నిరుడు ఎన్‌బీఏ డ్రాఫ్టుకు అర్హుడే. ఎవరూ పిలవలేదు, అంతే.

నాకు ఫోను చేసిన తండ్రుల్లో ఒకరికి ఇంకో సంగతి కూడా వచ్చి పడింది. ఎక్కడో ఒక శిబిరం పెడుతున్నారట, డ్రాఫ్టు చూసేవాళ్ళు వస్తారట, పేరు నమోదుకు లక్షన్నర కట్టాలట. ఆయన ఆటో నడుపుతారు. అబ్బాయి ప్లస్ టూ చదువుతున్నాడు. “అమ్మా, చీటీ పాట డబ్బు వచ్చింది, కట్టేయమంటారా?” అని అడిగారు. వద్దన్నాను. పేరివ్వడానికి శిబిరాలతో పని లేదనీ, ప్లస్ టూ పిల్లవాడికి ఆ ప్రశ్నే ఇప్పుడు రాదనీ చెప్పాను. మీ శీర్షికకూ ఆ శిబిరానికీ సంబంధం ఉందనడం లేదు. కానీ పేరివ్వడమే పెద్ద ఘనకార్యంలా పత్రికలు రాస్తూ ఉంటే, ఆ పేరు నేను ఇప్పిస్తానని చెప్పేవాడికి పని సులువైపోతుంది.

పేరిచ్చినవాళ్ళలో ఎంపికయ్యేది ఎందరు? జట్లు 30, రెండు రౌండ్లు, ఎక్కువలో ఎక్కువ 60 మంది. మొదటి రౌండులో ఎంపికైతే రెండేళ్ళ జీతం ఖాయం. ఆపై రెండేళ్ళు ఉంచుకోవాలో వద్దో జట్టు ఇష్టం. రెండో రౌండులో ఆ ఖాయం కూడా లేదు. మన దేశంలో పుట్టి ఎంపికైన మొదటివాడు సత్నామ్ సింగ్ భమారా. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరి వాడు, ఏడడుగుల రెండు అంగుళాలు. 2015లో 52వ వాడుగా డాలస్ జట్టు తీసుకుంది. ఎన్‌బీఏ లీగు మ్యాచ్ ఒక్కటి కూడా ఆడకుండానే అతని ఎన్‌బీఏ కథ ముగిసింది. అంత ఎత్తు ఉన్నవాడి సంగతే అది. మన పిల్లలు ఎక్కువమంది గార్డులు.

గార్డుల దగ్గరే నాకు ఈ డ్రాఫ్టు మీద ఆసక్తి. అక్కడ ఆటగాణ్ణి నిలబెట్టి కొలవనిది లేదు. బూట్లు విప్పించి ఎత్తు కొలుస్తారు, చేతులు చాపించి ఈ కొస నుంచి ఆ కొసకు కొలుస్తారు, అరచేతి వెడల్పు కొలుస్తారు, ఎంత ఎగురుతాడో, కోర్టులో మూడొంతులు ఎన్ని సెకన్లలో పరుగెడతాడో రాసుకుంటారు. అయినా గార్డుల విషయంలో వాళ్ళ అంచనా ఎన్నిసార్లు బోల్తా పడిందో చూడండి. 2009లో అయిదో ఎంపిక, ఆరో ఎంపిక రెండూ మిన్నెసోటా జట్టు చేతిలోనే ఉన్నాయి. రెండింటికీ గార్డులనే తీసుకున్నారు. ఏడో ఎంపికలో గోల్డెన్ స్టేట్ తీసుకున్న గార్డు పేరు స్టెఫెన్ కర్రీ. లీగు చరిత్రలో మూడు పాయింట్ల బుట్టలు అందరికంటే ఎక్కువ వేసినవాడు అతనే. జేలెన్ బ్రన్సన్ కాలేజీలో రెండుసార్లు జాతీయ విజేత. 2018లో అతని పేరు పిలిచేసరికి 33వ ఎంపిక వచ్చింది. ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను 2016లో అసలు పిలవనే లేదు. మూడేళ్ళ తర్వాత టొరంటో ట్రోఫీ ఎత్తినప్పుడు అతను ఆ జట్టులో ఉన్నాడు. 1987లో 12వ ఎంపికగా వెళ్ళిన మగ్సీ బోగ్స్ ఎత్తు అయిదడుగుల మూడు అంగుళాలు. నాకంటే రెండు అంగుళాలు ఎక్కువ, అంతే! ఆ పేరు తలచుకున్నప్పుడల్లా నాకు ఒంట్లో కాస్త బలం వస్తుంది.

అంచనా సరిగ్గా కుదిరినవీ ఉన్నాయి, కాదనను. 1996లో మొట్టమొదట పిలిచిన అలెన్ ఐవర్సన్ ఆరడుగుల వాడు. ఆ ఆటకు అది పొట్టే, అయినా ఎత్తు అతన్ని ఆపలేదు. 2025లో రెండో ఎంపికగా శాన్ ఆంటోనియోకు వెళ్ళిన డిలన్ హార్పర్ కూడా కాలేజీలో ఒక్క ఏడాదే ఆడిన గార్డు. కాబట్టి మీరు రాసిన కుర్రాడు కూడా పైకి రావచ్చు. రావాలనే కోరుకుంటున్నాను.

అయితే అక్కడ ఒక సదుపాయం ఉంది. డ్రాఫ్టు రోజున పొరపాటు పడినా, ఆ తర్వాత ప్రతి ఆటలో ప్రతి పాసూ ఎవరో ఒకరు రాస్తారు. 1984లో 16వ వాడుగా ఎంపికైన జాన్ స్టాక్టన్ పేరు మీద 15,806 అసిస్టులు ఉన్నాయి. ఇప్పటికీ అదే రికార్డు. ఆ 15,806 సార్లూ బుట్టలో వేసింది వేరేవాళ్ళు. స్కోరు వాళ్ళ ఖాతాకే వెళ్ళింది. ఆ పాసు ఇచ్చింది ఇతనని పక్కన కూర్చున్న ఒక మనిషి గీత గీసి పెట్టాడు కాబట్టే ఈ రోజు మనం చెప్పుకుంటున్నాం. అలా గీసేవాడు లేకపోతే స్టాక్టన్ ఎవరు? నిక్కరు మరీ పొట్టిగా వేసుకునే ఒక బక్క మనిషి.

మన దగ్గర ఆ గీత గీసే మనిషి లేడు. నేను బల్ల దగ్గరే కూర్చుంటాను కాబట్టి నాకు తెలుసు.

స్కోరు షీటు ఎలా ఉంటుందో మీ పాఠకుల్లో చాలామంది చూసి ఉండరు. ఒక పెద్ద కాగితం, దాని కింద ఇంకో మూడు నకళ్ళు. తెల్లది, నీలిది నిర్వాహకుల వైపు పోతాయి, గులాబీ రంగుది గెలిచిన జట్టుకు, పసుపుది ఓడిన జట్టుకు. ఎడమవైపు ఆటగాళ్ళ పేర్లు, నంబర్లు. నేను చేరిన కొత్తలో నంబర్లు 4 నుంచి 15 దాకానే ఉండేవి, ఇప్పుడు 99 దాకా వేసుకోవచ్చు. పేరు పక్కన ఫౌళ్ళకు అయిదు గళ్ళు. అయిదో గడి నిండితే ఆటగాడు బయటికే. కుడివైపు 1 నుంచి 160 దాకా అంకెలు వరుసగా అచ్చువేసి ఉంటాయి. బుట్ట పడితే ఆ అంకె మీద ఏటవాలుగా గీత, పక్కన వేసినవాడి నంబరు. మూడు పాయింట్లయితే ఆ నంబరు చుట్టూ సున్న. ఫ్రీ త్రో (ఫౌలుకు బదులుగా ఇచ్చే అడ్డులేని షాటు) అయితే నిండుగా పూడ్చిన చుక్క. మొదటి, మూడో క్వార్టర్లకు ఎర్ర పెన్ను, రెండు, నాలుగింటికి నీలమో నలుపో. టైమ్ అవుట్‌లకు వేరే గళ్ళు.

ఇంత వివరంగా ఉన్న కాగితంలో పాసు ఇచ్చినవాడికి గడి లేదు. రీబౌండుకు, అంటే బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతి పట్టినవాడికి, లేదు, బంతి లాక్కున్నవాడికి లేదు, బంతి పోగొట్టుకున్నవాడికీ లేదు. అవి వేరే గణాంకాల పట్టికలో రాయాలి. దానికి వేరే మనిషి కావాలి. పెద్ద పోటీల్లో కంప్యూటరు పెట్టుకుని ఆ పని చేస్తారు. బడి పోటీల్లో, జిల్లా పోటీల్లో, లీగు డివిజన్లలో నాకు తెలిసి ఎక్కడా చేయరు. ఆట అయిపోగానే బల్ల దగ్గరివాళ్ళం సంతకాలు చేసి, రెఫరీ సంతకం పెట్టాక కాగితం చింపి ఇచ్చేస్తాం. వంట చేసినవాళ్ళ పేరు ఎక్కడా లేకుండా వడ్డించినవాళ్ళ పేర్లే రాసి పెట్టినట్టు ఉంటుంది ఆ కాగితం.

దీనివల్ల పిల్లల ఆట ఎలా మారిపోతుందో ఒక్కటి చెబుతాను. ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం) వైపు నుంచి ఒక తెలుగు అబ్బాయి బడి జట్టులో ఆడేవాడు. పొట్టివాడు, ఎడమచేతి వాటం. బంతి పట్టుకుని సగం గీత దాటేటప్పుడు తల ఎత్తి నడిచేవాడు. ఆ వయసులో అలా నడిచేవాళ్ళు తక్కువ, అందరూ బంతి వైపే చూస్తూ వస్తారు. ఒక సాయంత్రం సిమెంటు కోర్టు మీద వాన నీళ్ళు వైపర్లతో నెట్టించి ఆట మొదలుపెట్టారు. పిల్లలందరూ జారతామన్న భయంతో గట్టిగా పరుగెత్తడం లేదు. ఈ అబ్బాయి ఆ సంగతి ముందే కనిపెట్టాడు. పరుగు మానేసి నిలబడి పాసులు వేయడం మొదలుపెట్టాడు. కుడివైపు చూస్తూ ఎడమవైపుకు, ఒకసారి బోర్డు కింద ఉన్న పొడుగు పిల్లవాడి చేతికి నేల మీద కొట్టి, ఇంకోసారి తన వైపు ఇద్దరు వచ్చేదాకా ఆగి వాళ్ళ మధ్య నుంచి. ఆ పొడుగు పిల్లవాడికి చేతికొచ్చిన బంతి వేయడం తప్ప వేరే పని లేకపోయింది. నేను వరసగా ఆ పొడుగు పిల్లవాడి నంబరే రాస్తూ కూర్చున్నాను.

ఆట అయ్యాక ఆ ఎడమచేతి అబ్బాయి బల్ల దగ్గరికి వచ్చాడు. “ఆంటీ, నాకు ఎన్ని?” అన్నాడు.

“నాలుగు పాయింట్లు నాయనా.”

“అంతేనా?” అని కాగితం వంక చూశాడు. తన పేరు పక్కన మూడు ఫౌళ్ళు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. మర్నాడు తమిళ పత్రికలో ఆ పొడుగు పిల్లవాడి పేరు వచ్చింది. మీ పత్రికలోనూ వచ్చింది, తెలుగు పిల్లవాడి పేరు లేకుండా.

తర్వాతి ఏడాది అతను కాలేజీ సెలక్షన్లకు వెళ్ళాడు. అక్కడ అందరినీ వరుసలో నిలబెట్టి ముందు ఎత్తు అడిగారు, తర్వాత “మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లు వేస్తావు?” అని అడిగారు. అడిగినవాళ్ళను కూడా నేను పూర్తిగా తప్పుపట్టను. చేతిలో వేరే కాగితం లేనప్పుడు ఇంకేమి అడుగుతారు? ఆ తర్వాత అతని ఆట చూస్తే నా కడుపు తరుక్కుపోయింది. గీత దాటీదాటక ముందే దూరం నుంచి విసరడం, పక్కవాడు ఖాళీగా చేతులెత్తి అరుస్తున్నా ఇవ్వకపోవడం. ఆ ఆటలో పద్దెనిమిది వేశాడు, జట్టు ఓడిపోయింది. పత్రికలో ఓడిన జట్టు తరఫున అత్యధిక స్కోరరుగా పేరు పడింది. ఆ కత్తిరింపు వాళ్ళ ఇంట్లో ఫ్రేము కట్టించారు. వాళ్ళమ్మ నాకు చూపించారు, ఎంతో సంతోషంగా. నేనేమనగలను?

డ్రాఫ్టులో పొరపాట్లు జరుగుతాయన్నాను కదా, ఇక్కడ జరిగేది దానికంటే పెద్ద నష్టం. అక్కడ ఉన్న గార్డును గుర్తించలేకపోతారు. ఇక్కడ ఉన్న గార్డునే లేకుండా చేస్తాం. పదిహేనేళ్ళ పిల్లవాడు లోకం ఏది రాసుకుంటుందో అదే చేస్తాడు. వాడి తప్పు ఇసుమంత కూడా లేదు.

ఈ ఊళ్ళో గార్డులు తయారుకాలేదని అనడం లేదు. ఇప్పుడు నందనంలో ఉన్న వ్యాయామ విద్యా కళాశాలను హ్యారీ బక్ దొరగారు పెట్టింది 1920లో. ఈ ఆటకు మద్రాసులో అంత లోతు వేళ్ళున్నాయి. 2022లో సీనియర్ నేషనల్స్ మన నెహ్రూ ఇండోర్ స్టేడియంలోనే జరిగితే పురుషుల్లో తమిళనాడు గెలిచింది. దేశం జట్టుకు కెప్టెన్సీ చేసిన మొయిన్ బేక్ హఫీజ్ తమిళనాడు గార్డే. అతనికి ముందు ఆ బాధ్యత మోసిన విశేష్ భృగువంశీ కాశీ నుంచి వచ్చిన గార్డు. 2017లో ఆస్ట్రేలియా లీగు జట్టు ఒకటి అతన్ని తమతో సాధన చేయడానికి తీసుకుంది. వీళ్ళు పైకి వచ్చింది ఎవరో ఒక కోచ్ కళ్ళారా చూసి చేయి పట్టుకున్నందువల్ల. అలా చూసే కోచ్ దొరకని పిల్లవాడికి కాగితమే దిక్కు. ఆ కాగితమే లేదు.

ఎన్‌బీఏ సంగతి పక్కన పెట్టండి. పెరంబూరు నుంచి ఎవరో రేపు డ్రాఫ్టుకు వెళతారని చెప్పి తల్లిదండ్రులను మోసం చేయను. ఇక్కడి లెక్కే చెబుతున్నాను. ఇంజినీరింగు కాలేజీలో ఫీజు లేని సీటు, రైల్వేలోనో బ్యాంకులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, మా ఇళ్ళలో బాస్కెట్‌బాల్ అంటే ఇవే. మా నాన్నగారి తరం రైల్వే క్వార్టర్ల నుంచి ఈ దారినే బయటపడింది. ఆ సీటు, ఆ ఉద్యోగం ఇచ్చేచోట గార్డు తన పని చూపించుకోవడానికి నాలుగు అంకెలైనా ఉండాలి. ఆటకు ఎన్ని అసిస్టులు, ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నాడు, ఎన్ని లాక్కున్నాడు. అమెరికా కాలేజీల్లో స్కాలర్‌షిప్పు అడగాలన్నా మ్యాచ్ వీడియోతో పాటు ఆ అంకెలే అడుగుతారు.

ఇది చెప్పినప్పుడల్లా మా వాళ్ళలోనే ఒక అభ్యంతరం వస్తుంది. బుట్ట పడిందా లేదా అన్నది కళ్ళకు కనిపిస్తుంది, అసిస్టు అలా కాదు, రాసేవాళ్ళ ఇష్టం, సొంత ఊరి పిల్లలకు ఎక్కువ రాసుకుంటారు అంటారు. అందులో నిజం లేకపోలేదు. సొంత కోర్టులో రాసేవాళ్ళ చేతివాటం మీద పెద్ద లీగుల్లోనూ గుసగుసలు ఉంటాయి. అయినా అసిస్టు అంటే ఏమిటో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా వాళ్ళు రాసి పెట్టారు. నేరుగా బుట్టకు దారితీసిన పాసు. ఆ పాసు అందుకున్నవాడు షాటు వేస్తూ ఫౌలు పొంది ఒక్క ఫ్రీ త్రో వేసినా పాసు ఇచ్చినవాడికి అసిస్టు లెక్కే. ఎన్‌బీఏలో ఈ రెండోది లెక్కించరు. నన్నడిగితే ఇందులో ఫిబా పద్ధతే న్యాయం. ఇద్దరు కూర్చుని రాసి చివర సరిచూసుకుంటే తేడా పెద్దగా రాదు. ఫౌలు కూడా రెఫరీ ఇష్టమే కదా, దాన్ని రాయడం మానేశామా?

బంతి పోగొట్టుకున్న లెక్క కూడా తప్పకుండా రాయాలి. అసిస్టులు మాత్రమే రాస్తే గార్డులు అసాధ్యమైన పాసులన్నీ వేసి బంతి అవతలి జట్టుకు అప్పగిస్తారు. నేనూ గార్డునే, నా జాతి సంగతి నాకు తెలుసు.

ఇక నేను అడగదలచుకున్నది. జిల్లా సంఘాలను అడగడం వేరే ఉత్తరం, అది రాస్తున్నాను. మీ పత్రికను అడిగేది రెండు. డ్రాఫ్టుకు పేరిచ్చిన వార్త వేసినప్పుడు పేరు వెనక్కి తీసుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో కూడా ఒక వాక్యం వేయండి. ఆ తేదీ తర్వాత అతను ఉన్నాడా, తప్పుకున్నాడా అన్నది కూడా వేయండి. సగం వార్త వేసి వదిలేస్తే మిగతా సగం పిల్లల తండ్రులు ఊహించుకుంటున్నారు.

రెండోది, చెన్నై పేజీలో బాస్కెట్‌బాల్ ఫలితాలు వేసేటప్పుడు పాయింట్లు వేసినవాళ్ళ పేర్ల పక్కన, రెండు జట్లలోనూ ఎక్కువ అసిస్టులు ఇచ్చినవాళ్ళ పేర్లు వేయండి. ఒక్క లైను పెరుగుతుంది. జాగా లేదంటే రెఫరీల పేర్లు తీసేయండి, వాళ్ళేమీ అనుకోరు. మీ విలేకరి ఆట ముగిశాక వచ్చి నా స్కోరు షీటు ఆఖరి వరుసను ఫోనుతో ఫొటో తీసుకుని వెళ్ళిపోతున్నారు. ఆ ఫొటోలో గార్డు ఉండడు.

అసిస్టుల లెక్క ఎవరు ఇస్తారని మీరు అడగవచ్చు. ఈ సీజను నుంచి నేను టేబుల్ మీద లేని ఆటల్లో బయట కుర్చీ వేసుకుని ఆ పట్టిక రాస్తున్నాను. కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతున్న ఇద్దరమ్మాయిలు కూడా వస్తున్నారు. ఒకరు ఒక జట్టును, మరొకరు ఇంకో జట్టును చూస్తున్నారు. ఆట ముగిసిన పది నిమిషాల్లో లెక్క తేలుతుంది. మీ విలేకరిని ఆ ఫొటో తీసుకున్నాక కాస్త ఆగి, బల్లకు ఎడమవైపున్న కుర్చీల దగ్గరికి రమ్మనండి. ఇంగ్లీషులోనే కాదు, పేర్లు తెలుగులో కూడా రాసి ఇస్తాను. మీ పేజీలో ‘సుబ్రమణి’ అని పడే పిల్లవాడి పేరు సుబ్రహ్మణ్యం.

ఇట్లు,
ఒక టేబుల్ అఫీషియల్,
పెరంబూరు, చెన్నై.
(పేరు ప్రచురించవద్దని మనవి)